పాపికొండల నడుమ పడవ ప్రయాణం

గోదావరి పేరు విననివాళ్లు ఉండరు. పుష్కరాలకు బాసరకో, ధర్మపురికో, భద్రాచలానికో పోయి స్నానం చేసి వచ్చినవాళ్లు మన ఛత్రినాక బస్తీల్లో చాలామంది ఉన్నారు. ఈ నది మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుడుతుంది. నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వస్తుంది. మొత్తం 1,465 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. మన మూసీ నీళ్లు మాత్రం గోదావరిలోకి పోవు. అవి కృష్ణలో కలుస్తాయి.

భద్రాచలం దాటిన తర్వాత కూనవరం దగ్గర శబరి నది వచ్చి గోదావరిలో కలుస్తుంది. నీళ్లు ఇంకా పెరుగుతాయి. ఇంత పెద్ద నదికి ఎదురుగా కొండలు అడ్డం వస్తాయి. వీటిని తూర్పు కనుమలు అంటారు. ఆ కొండల మధ్య నుంచే గోదావరి సందు చేసుకుని పోతుంది. ఆ చోటు పేరే పాపికొండలు.

మనం తల దువ్వి నడుమ పాపిట తీస్తాం కదా. అటు జుట్టు, ఇటు జుట్టు, మధ్యలో సన్నటి గీత. ఇక్కడ కూడా అట్లాగే ఉంటుంది. అటు కొండ, ఇటు కొండ, మధ్యలో నది. పాపిడి కొండలు అనే మాటే పాపికొండలు అయిందని చెప్తారు. పేరు విని పాపం గుర్తుకు తెచ్చుకోవద్దు.

ఒకప్పుడు రాజమండ్రి నుంచి భద్రాచలం పోవాలంటే లాంచీ ఎక్కేవాళ్లు. 1973లో వచ్చిన అందాల రాముడు సినిమా, 2006లో వచ్చిన గోదావరి సినిమా ఈ పడవ ప్రయాణం మీద తీసినవే. ఇప్పుడు బస్సులున్నాయి. బోటు ఎక్కేవాళ్లు కొండలు చూడటానికే ఎక్కుతారు. రాజమండ్రి వైపు నుంచి పోతే గండిపోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కుతారు. భద్రాచలం వైపు నుంచి పోతే పోచవరం దగ్గర ఎక్కుతారు. మన పట్నం వాళ్లకు రెండు తోవలూ ఉన్నాయి. ఇమ్లీబన్ నుంచి భద్రాచలానికి బస్సు దొరుకుతుంది. సికింద్రాబాదు నుంచి రాజమండ్రికి రైలు దొరుకుతుంది. పొద్దున ఎక్కితే సాయంత్రానికి తిరిగి వస్తారు. టిఫినూ, భోజనమూ బోటు మీదే పెడతారు.

బోటు పోతుంటే కొండలు దగ్గరికి వస్తాయి. ఎండ తగ్గుతుంది. గాలి చల్లగా తగులుతుంది. రాజమండ్రి దగ్గర అవతలి ఒడ్డు కనబడీ కనబడనట్టు ఉండే గోదావరి, ఇక్కడ కొన్ని వందల మీటర్ల వెడల్పే ఉంటుంది. తర్వాత మలుపు ఎటో తెలియదు. ముందు కొండే కనబడుతుంది. తోవ లేదనుకునేసరికి బోటు పక్కకు తిరుగుతుంది. మళ్లీ నది కనబడుతుంది. నిజంగా చూడదగ్గ చోటు. ఒక్కసారైనా చూడాలని నేనంటాను. కానీ ఆ నీళ్ల సంగతి తెలుసుకుని పోవాలి.

నీళ్లు రాయిని కోస్తాయా?

కోస్తాయి. బావిగట్టు మీద చేంతాడు రాసుకుని రాసుకుని రాయి మీద గాడి పడటం పెద్దవాళ్లు చూసే ఉంటారు. తాడు మెత్తనిది. రాయి గట్టిది. అయినా రాయే అరిగింది. రోజూ రాసుకోవడమే దానికి కారణం. నది కూడా అంతే. నది ఒట్టి నీళ్లతో రాయిని కోయదు. నీళ్లతో పాటు ఇసుక, గులకరాళ్లు కొట్టుకొస్తాయి. అవి అడుగున రాయిని గీకుతూ పోతాయి. ఏడాదికి అరిగేది కంటికి కనబడదు. లక్షల ఏళ్లు గడిస్తే లోయ తయారవుతుంది.

నది ఎక్కువగా అడుగునే కోస్తుంది. అందుకే నది కోసిన లోయ పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. కిరసనాయిలు పోసే గరాటును నిలువునా కోస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది.

ఈ సంగతి క్లాసులో చెప్తుంటే ఒక అవ్వ ఫోను తెచ్చి చూపించింది. ఆమె మనుమడు న్యూజిలాండ్‌లో పనిచేస్తాడు. అక్కడ బోటు మీద నిలబడి దిగిన ఫొటో పంపాడు. రెండు పక్కలా ఎత్తైన కొండలు. నడుమ నల్లటి నీళ్లు.

"టీచరమ్మా, గిది పాపికొండలే గదా? వీడు నాకు చెప్పకుండ వచ్చిపోయిండా ఏంది?" అని అడిగింది. అందరూ నవ్వారు. కానీ ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. చూడటానికి రెండూ ఒక్కతీరుగానే ఉంటాయి. ఆ ఫొటోలోది మిల్ఫోర్డ్ సౌండ్ అనే చోటు. అది నది కాదు. కొండల మధ్యకు వచ్చిన సముద్రం. ఇట్లాంటి చోటును ఫియోర్డు అంటారు.

మంచు కోసిన లోయ

మన దగ్గర మంచు అంటే చలికాలం పొద్దున కనబడే పొగమంచే. చాలా చల్లటి దేశాల్లో మంచు రాలుతుంది. కొండల మీద రాలిన మంచు ఎండాకాలంలో కూడా పూర్తిగా కరగదు. దాని మీద మళ్లీ మంచు పడుతుంది. ఏళ్ల తరబడి పేరుకుంటే కిందిది నొక్కుకుపోయి గట్టి గడ్డ అవుతుంది. వందల మీటర్ల మందం ఉండే గడ్డ. ఆ బరువుకు అది కొండ మీద నుంచి మెల్లగా కిందికి జారుతుంది. దీన్ని మంచునది అనుకోవచ్చు. గంగ పుట్టే గోముఖం దగ్గర ఉన్నది కూడా ఇట్లాంటి మంచునదే.

మంచునది చాలా మెల్లగా కదులుతుంది. మనం నిలబడి చూస్తే కదిలినట్టే తెలియదు. కానీ దాని అడుగున రాళ్లు ఇరుక్కుని ఉంటాయి. పైన కొండంత బరువు, కింద రాళ్లు. రోట్లో పొత్రం తిప్పినట్టు అది అడుగునూ, రెండు పక్కలనూ కలిపి నూరుతుంది. అందుకే మంచు కోసిన లోయ గరాటు లాగా ఉండదు. పశువులు నీళ్లు తాగే తొట్టిలాగా ఉంటుంది. అడుగు వెడల్పు. గోడలు నిటారు.

సుమారు 20 వేల ఏళ్ల కిందట భూమి ఇప్పటికంటే చాలా చల్లగా ఉండేది. మంచునదులు చాలా దూరం పరచుకుని ఉండేవి. తర్వాత భూమి వేడెక్కింది. మంచు కరిగింది. సముద్రం మట్టం పెరిగి ఖాళీ అయిన ఆ లోయల్లోకి నీళ్లు వచ్చాయి. అవే ఫియోర్డులు. న్యూజిలాండ్‌లోనే కాదు, నార్వే దేశంలో ఇవి చాలా ఉన్నాయి. అక్కడ సోగ్నే ఫియోర్డు 205 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. లోతు 1,308 మీటర్లు. మన చార్మినార్‌లు ఇరవై తెచ్చి ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఆ నీళ్లలో మునిగిపోతాయి. ఇంకో వింత ఏమిటంటే, సముద్రంలో కలిసే చోట మాత్రం లోతు తక్కువ. మంచునది తోసుకొచ్చిన రాళ్లు, మట్టి అక్కడ కుప్పపడటం దానికి ఒక కారణం. ఇంటికి గడప ఉన్నట్టు ఫియోర్డుకు కూడా ఒక గడప ఉంటుంది.

ఆ నీళ్లు మామూలుగా నిమ్మళంగా ఉంటాయి. అక్కడి భయం వేరు. నిటారు గోడలు కదా, కొండచరియలు విరిగి పడతాయి. 1934 ఏప్రిల్ 7న నార్వేలోని టాఫ్యోర్డు దగ్గర పెద్ద చరియ నీళ్లలో పడింది. 60 మీటర్లకు పైగా ఎత్తున అల లేచింది. 40 మంది చనిపోయారు. ఇప్పుడు అక్కడ ప్రమాదమున్న కొండలకు యంత్రాలు పెట్టి, అవి ఎంత జరుగుతున్నాయో రోజూ కొలుస్తున్నారు. ఏ నీళ్లకు ఉండే భయం ఆ నీళ్లకు ఉంటుంది. గోదావరి భయం ఏమిటో చూద్దాం.

ఇరుకు చోట వరద

పైపుతో నీళ్లు పడుతూ మూతిని వేలితో నొక్కితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి. నీళ్లు అవే. తోవ ఇరుకైంది, అంతే. పాపికొండల దగ్గర గోదావరికి ఇదే జరుగుతుంది. కిలోమీటర్ల వెడల్పున వచ్చిన నీళ్లు ఒక్కసారి సందులో పడతాయి. ఎండాకాలంలో, చలికాలంలో నీళ్లు తక్కువ కాబట్టి నది నిదానంగా ఉంటుంది. వానాకాలంలో మాత్రం ఉరకలు వేస్తుంది. మలుపు దగ్గర నీళ్లు కొండరాయికి కొట్టుకుని వెనక్కి తిరుగుతాయి. ముందుకు పోయే నీళ్లూ, వెనక్కి తిరిగే నీళ్లూ కలిసి సుడి తిరుగుతాయి. దాన్నే సుడిగుండం అంటారు.

వరద వచ్చినప్పుడు పేపర్లో, టీవీలో క్యూసెక్కులు అనే మాట వస్తుంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. మన బిందెలు రెండు అనుకోండి. లక్ష క్యూసెక్కులు అంటే, ఒకటి అని లెక్కపెట్టేలోపు రెండు లక్షల బిందెల నీళ్లు మన ముందు నుంచి పోయినట్టు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల నీళ్లు పోతున్నాయి. అంటే సెకనుకు పది లక్షల బిందెలు. ఆ రోజు రాయల్ వశిష్ట అనే బోటు పాపికొండలు చూడటానికి బయలుదేరింది. అందులో 70 మందికి పైగా ఉన్నారు. హైదరాబాదు నుంచి, వరంగల్లు నుంచి పోయినవాళ్లు కూడా ఉన్నారు. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర నది మలుపు తిరుగుతుంది. అక్కడ బోటు ఒరిగి మునిగిపోయింది. ఒడ్డున ఉన్న ఊళ్ల గిరిజనులు చూసి తమ పడవలు వేసుకుని వచ్చారు. లైఫ్ జాకెట్లతో నీళ్ల మీద తేలుతున్నవాళ్లను పైకి లాగారు. 26 మంది బతికారు. 50 మంది దాకా మనకు లేకుండా పోయారు. బోటు 200 అడుగులకు పైగా లోతులో పడింది. చార్మినార్ మునిగేంత లోతు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఎన్నో రోజులు కష్టపడి అక్టోబరు 22న దాన్ని బయటికి తీసింది.

అంతకు ముందు ఏడాది, 2018 మే 15న, అదే మండలంలో మంటూరు దగ్గర ఒక లాంచీ మునిగింది. ఎక్కినవాళ్లు చాలావరకు కొండ ఊళ్ల వాళ్లు. గాలివాన వచ్చింది. తడుస్తామని తలుపులు, కిటికీలు మూసుకున్నారు. లాంచీ మునిగినప్పుడు బయటికి రాలేకపోయారు. సుమారు 20 మంది చనిపోయారు.

బోటు ఎందుకు ఒరుగుతుంది? ఖాళీ బిందెను నీళ్ల తొట్టిలో పెట్టి చూడండి. నిటారుగా తేలుతుంది. మూతిని ఒక పక్కకు కొంచెం వంచండి. అంచు దాటి నీళ్లు లోపలికి పోతాయి. పోయిన నీళ్ల బరువుకు ఇంకా వంగుతుంది. ఇంకా నీళ్లు పోతాయి. బుడుంగున మునుగుతుంది. బోటూ అంతే. అందరూ ఎవరి చోట వాళ్లు కూర్చుంటే బరువు సమంగా ఉంటుంది. ఫొటో కోసం అందరూ ఒక్కసారి ఒక పక్కకు ఉరికితే బోటు ఆ పక్కకు వంగుతుంది. పై అంతస్తులోకి ఎక్కువమంది ఎక్కితే ఇంకా ప్రమాదం. తల బరువెక్కిన బోటు తొందరగా ఒరుగుతుంది. మన హుస్సేన్ సాగర్‌లోనే 1990 మార్చిలో బుద్ధుడి విగ్రహాన్ని మోసుకుపోతున్న బార్జి ఒరిగింది. విగ్రహం అడుగుకు పోయింది. మనుషులూ చనిపోయారు. విగ్రహాన్ని 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. అలలు లేని చెరువులోనే అంత పని జరిగింది.

కచ్చులూరు తర్వాత పాపికొండలకు బోట్లు ఆపేశారు. తర్వాత గోదావరి వెంట కంట్రోల్ రూములు పెట్టి, బోట్లను తనిఖీ చేసి మళ్లీ వదిలారు. వరద రోజుల్లో బోట్లు ఆపుతారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక. 48 అడుగులకు రెండోది. 53 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. వానాకాలం పూర్తిగా పోయాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పోవడం మంచిది. అప్పుడు నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. వాగులూ ఎండిపోయి ఉండవు.

ఒడ్డున ఉన్నవాళ్లు

ప్రాణాలు కాపాడిన ఆ ఊళ్లవాళ్ల గురించి కూడా చెప్పాలి. పాపికొండల మధ్య కొండరెడ్లు ఉంటారు. బోటు పేరంటపల్లి దగ్గర ఆగుతుంది. అక్కడ పాత శివాలయం, ఆశ్రమం ఉన్నాయి. కొండరెడ్ల ఆడవాళ్లు వెదురుతో చేసిన వస్తువులు అమ్ముతారు. బేరం ఆడేముందు ఒక్కసారి ఆలోచించండి. బీడీలు చుట్టేవాళ్లకూ, గాజులకు రాళ్లు అద్దేవాళ్లకూ చేతిపని విలువ నేను చెప్పక్కరలేదు.

ఈ కొండలకు దిగువన పోలవరం ఆనకట్ట కడుతున్నారు. 2014లో దాన్ని జాతీయ ప్రాజెక్టు చేశారు. ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది కూడా దానికోసమే. 2021 జూన్‌లో గోదావరి నీళ్లను ఆనకట్ట గేట్ల వైపు మళ్లించారు. అప్పటి నుంచి వరద వస్తే దేవీపట్నం చుట్టుపక్కల ఊళ్లలో నీళ్లు నిలుస్తున్నాయి. గండిపోచమ్మ గుడి కూడా మునుగుతోంది. చాలా ఊళ్లను ఖాళీ చేయించారు. ఆనకట్టతో పొలాలకు నీళ్లు వస్తాయి, కరెంటు వస్తుంది. అది నిజమే. ఆ నీళ్ల కోసం ఊరు వదిలినవాళ్లకు ఇల్లు, భూమి, పరిహారం సరిగ్గా అందాలి. మూసీ ఒడ్డున ఇల్లు ఉన్నవాళ్లకు ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది.

బోటు ఎక్కేముందు చదవాల్సినవి

ఇప్పుడు మీరు చదవగలరు. ఆ చదువు అక్కడ పనికొస్తుంది. బోటు మీద దాని పేరు, నంబరు రాసి ఉంటాయి. ఎంతమందిని ఎక్కించాలో ఆ అంకె ఎక్కడ రాశారో వెతకండి. కనబడకపోతే అడగండి. తర్వాత మనుషులను లెక్కపెట్టండి. అంకె కంటే ఎక్కువ ఉంటే ఎక్కవద్దు. డబ్బులు కట్టాం కదా, ఎట్లా దిగుతాం అనుకోవద్దు. టికెట్టు డబ్బులు పోతే మళ్లీ సంపాదించుకుంటాం.

లైఫ్ జాకెట్టు లోపల తేలికైన మెత్త ఉంటుంది. అది నీళ్లలో మునగదు. మనిషిని తల పైకి ఉండేటట్టు మోస్తుంది. కానీ తాళ్లు, బకిల్సు అన్నీ బిగించి కట్టుకుంటేనే మోస్తుంది. ఊరికే భుజాల మీద వేసుకుంటే మనిషి కిందికి జారిపోతారు, జాకెట్టు పైన తేలుతుంది. కొంగు నడుముకు చుట్టి దోపుకుని, దాని మీద జాకెట్టు వేసుకోండి. ఉక్కపోస్తుందని తీసేయవద్దు. అన్నం తినేటప్పుడు కూడా తీయవద్దు. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్టు వేస్తే అందులోంచి జారిపోతారు. పిల్లల జాకెట్టే అడిగి వేయండి. లేదంటే ఆ బోటు వద్దు. గాలివాన వస్తే తలుపుల దగ్గర గుంపు కట్టవద్దు, కిటికీలు గట్టిగా బిగించవద్దు. తడిసిన చీర ఆరుతుంది.

బోటు నడిపేవాణ్ణి అక్కడ సరంగు అంటారు. నదిలో ఎక్కడ సుడి ఉందో, ఎక్కడ రాయి ఉందో ఆయనకు తెలుస్తుంది. ఇంకా ముందుకు పోనీ అని ఆయనను తొందరపెట్టే మాటలు మనం అనకూడదు. నీళ్లు జోరుగా ఉన్నాయని ఆయన వెనక్కి తిప్పితే ఊరుకోవాలి.

ఇంకొక సంగతి. ఆ కొండల మధ్య చాలాచోట్ల సెల్‌ఫోనుకు సిగ్నల్ ఉండదు. కచ్చులూరులో బోటు మునిగినప్పుడు ఎంతమంది ఎక్కారో మొదట సరిగ్గా తెలియలేదు. ఒకసారి ఒక లెక్క, ఇంకోసారి ఇంకో లెక్క చెప్పారు. ఇంట్లోవాళ్లు తమవాళ్లు అందులో ఉన్నారో లేరో తెలియక తల్లడిల్లారు. అందుకని ప్రయాణానికి ముందు ఒక కాగితం తీసుకోండి. ఏ రోజు పోతున్నారు, ఏ రేవులో ఎక్కుతున్నారు, ఎవరెవరు పోతున్నారు, అందరి పేర్లూ, వయసులూ మీ చేత్తో రాయండి. ఆ కాగితం ఇంట్లో ఉన్నవాళ్లకు ఇచ్చి పోండి. రేవు దగ్గరికి చేరాక బోటు పేరు, నంబరు చదివి, సిగ్నల్ ఉన్నప్పుడే ఇంటికి ఫోను చేసి చెప్పండి. వాళ్లను కూడా ఆ కాగితం మీదే రాసుకోమనండి.